ఉడుత చెప్పిన రోడ్డు పాఠం

టఫ్టీ ఒక ఎర్ర ఉడుత. రోడ్డు దాటేటప్పుడు అమ్మ చెయ్యి వదలదు. బంతి వీధిలోకి దొర్లిపోతే వెనకా ముందూ చూడకుండా ఉరకదు. ఐస్‌క్రీమ్ బండి వచ్చిందని తెలిసినా పెద్దవాళ్ళు తోడు వచ్చేదాకా ఆగుతుంది. దాని నేస్తం విల్లీ మాత్రం ఒంటరిగా పరుగు తీస్తాడు, కారు గుద్దేస్తుంది. 1970లలో బ్రిటన్ టీవీలో ఈ చిట్టి బొమ్మల కథలు చూస్తూ పెరిగిన తరం ఇప్పుడు అరవైకి అటూ ఇటూగా ఉంది. విల్లీకి దెబ్బ తగిలిన ఆ దృశ్యం వాళ్ళలో చాలామందికి ఇప్పటికీ గుర్తే.

ఆ ఉడుత పేరుతో నడిచిన క్లబ్బులో 1970ల తొలినాళ్ళకు 20 లక్షల మంది పిల్లలు సభ్యులని అంచనా. పలకా బలపం పట్టే ఈడు కూడా రాని పసివాళ్ళకు ప్రమాదాల గురించి చెప్పడానికి ఒక దేశం ఇంత పెద్ద ఎత్తున పూనుకోవడం అరుదైన సంగతి. అయితే ఆ పిల్లల్లో ఎందరు నిజంగా రోడ్డు దాటడం నేర్చుకున్నారు? ఈ ప్రశ్నకు తిన్నని జవాబు దొరకడానికి మరో 30 ఏళ్ళు పట్టింది. దొరికిన జవాబు క్లబ్బు పెట్టినవాళ్ళు ఆశించినది కాదు. అది తెలియాలంటే కథను టఫ్టీ కంటే చాలా ముందు నుంచి మొదలుపెట్టాలి.

చీకటి పడిన లండన్

1896 ఆగస్టు 17న లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణలో బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అనే మహిళను ఒక మోటారు కారు ఢీకొట్టింది. బ్రిటన్‌లో కారు కింద పడి చనిపోయిన మొదటి పాదచారి ఆవిడే. ఇలాంటిది మళ్ళీ జరగకూడదని ఆ మరణంపై విచారణ జరిపిన అధికారి ఆశపడ్డాడు. అప్పటికి వీధి అంటే పిల్లల ఆటస్థలం. గోళీలు, బొంగరాలు, తాడాట అన్నీ అక్కడే. గుర్రబ్బండి వస్తే పక్కకు తప్పుకునేవాళ్ళు, అది పోగానే మళ్ళీ వచ్చేవాళ్ళు. మోటారు వచ్చాక వీధి అదే, పిల్లలూ వాళ్ళే. వేగం ఒక్కటే మారింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో జెప్పెలిన్‌లనే జర్మన్ గాలి ఓడలు బాంబులు వేస్తాయన్న భయంతో లండన్ వీధి దీపాలను మసకబార్చారు. దాంతో రోడ్డు ప్రమాదాలు పెరిగిపోయాయి. బస్సు, రైలు కంపెనీల పెద్దలూ నగర ప్రముఖులూ 1916 డిసెంబరు 1న కాక్స్‌టన్ హాల్లో సమావేశమై 'లండన్ సేఫ్టీ ఫస్ట్ కౌన్సిల్' పెట్టారు. అది మొదట చేసిన పనుల్లో ఒకటి, పాదచారులు ఎదురుగా వచ్చే వాహనాలను చూస్తూ నడవాలని నియమం మార్చడం. వెనక నుంచి వచ్చే బండి కంటే ఎదురుగా కనిపించే బండి నుంచి తప్పించుకోవడం తేలిక. ఈ ఒక్క మార్పుతోనే బండ్లకు అడ్డంగా అడుగేసి చనిపోయేవారి సంఖ్య బాగా తగ్గిందని ఆ సంస్థ చెప్పుకుంది. 1923లో దేశవ్యాప్త సంస్థగా మారి, 1941లో 'రాయల్ సొసైటీ ఫర్ ది ప్రివెన్షన్ ఆఫ్ యాక్సిడెంట్స్' అన్న పేరు పెట్టుకున్నది ఈ కౌన్సిలే. జనం నోట 'రోస్పా'.

1931లో మొదటి 'హైవే కోడ్' పుస్తకం ఒక్క పెన్నీ ధరకు వచ్చింది. అప్పుడు బ్రిటన్‌లో మోటారు వాహనాలు 23 లక్షలు మాత్రమే. అయినా ఏడాదికి 7,000 మందికి పైగా రోడ్ల మీద చనిపోతున్నారు. 1934లో రవాణా మంత్రి లెస్లీ హోర్-బెలీషా పాదచారులు దాటేచోట నారింజరంగు గుండ్రటి దీపాలు పెట్టించాడు. వాటికి ఆయన పేరే స్థిరపడింది. 1938లో కొన్ని వీధులను వాహనాలకు మూసేసి పిల్లల ఆటకు వదిలిపెట్టే చట్టం కూడా వచ్చింది. బండ్లను ఆపి పిల్లలకు చోటివ్వాలన్న ఆలోచన అప్పటికే ఉందన్నమాట. మరుసటి ఏడాదే యుద్ధం వచ్చిపడింది.

కవాతు పాఠం

1939 సెప్టెంబరులో మళ్ళీ దీపాలు ఆరాయి. ఈసారి మసక కాదు, కటిక చీకటి. 1941లో బ్రిటన్ రోడ్ల మీద 9,169 మంది చనిపోయారు. ఆ దేశ చరిత్రలో ఏ ఏడాదీ అంతమంది చనిపోలేదు. రోడ్డు దాటడాన్ని సైనిక కవాతులా నేర్పించే పద్ధతి ఈ కాలంలోనే పుట్టింది. దాని పేరు 'కెర్బ్ డ్రిల్'. కెర్బ్ అంటే కాలిబాట అంచు. అక్కడ ఆగాలి, కుడివైపు చూడాలి, ఎడమవైపు చూడాలి, మళ్ళీ కుడివైపు చూసి, దారి ఖాళీగా ఉంటే 'క్విక్ మార్చ్' అనుకుంటూ నడవాలి. బడుల్లో పిల్లలను వరసగా నిలబెట్టి పీటీ మాస్టారు లెఫ్ట్-రైట్ చెప్పించినట్టే చెప్పించేవారు.

రెండుసార్లు కుడివైపు చూడమనడానికి కారణం ఉంది. బ్రిటన్‌లో బండ్లు ఎడమవైపు నడుస్తాయి కాబట్టి అడుగు పెట్టగానే మీదికొచ్చే బండి కుడి నుంచే వస్తుంది. మన దేశంలోనూ బండ్ల నడక అంతే. మన బడి గోడల మీద కనిపించే కుడి, ఎడమ, మళ్ళీ కుడి అన్న బొమ్మల వరస ఇక్కడి రోడ్లకు అతికినట్టు సరిపోవడానికి కారణం అదే.

ఈ పాఠం కంఠతా పట్టడానికి బాగుంది. పాతికేళ్ళకు పైగా బ్రిటన్ పిల్లలు దాన్నే వల్లించారు. చిక్కల్లా ఒక్కటే. రోడ్డు పక్కన నిలబడి గమనించినవారికి, మెడ అటూ ఇటూ తిప్పుతున్న పిల్లలు బండ్లను మాత్రం చూడడం లేదని తెలిసింది. తల తిప్పడం అయిపోయింది కాబట్టి దాటొచ్చు అనుకుంటున్నారు. ఆగి ఉన్న రెండు కార్ల మధ్య నుంచి దాటుతూ కూడా డ్రిల్లు మాత్రం తప్పులేకుండా చేస్తున్నారు. ఎక్కడ నిలబడి దాటాలన్న మొదటి మాటే ఆ పాఠంలో లేదు.

ఉడుత వచ్చింది

1953లో రోస్పాలో పనిచేసే ఎల్సీ మిల్స్ ఐదేళ్ళలోపు పిల్లల కోసం టఫ్టీని సృష్టించింది. ఆజ్ఞల కంటే కథలు పసివాళ్ళ చెవికి తొందరగా ఎక్కుతాయన్నది ఆమె నమ్మకం. టఫ్టీ చుట్టూ ఒక ఊరినే కట్టింది. బడిపంతులమ్మ గుడ్లగూబ, పోలీసు బ్యాడ్జర్, హ్యారీ అనే కుందేలు, మిన్నీ అనే చుంచు, ఎప్పుడూ తొందరపడే విల్లీ. పంచతంత్రంలో కరటక దమనకులను చూసి లోకం తీరు నేర్చుకున్న దేశానికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. కానీ ఓ సంస్థ పూనుకుని ఒక జంతువు చేత రోడ్డు దాటించడం కొత్తే.

1961లో టఫ్టీ క్లబ్బు మొదలైంది. ఏడాది తిరిగేసరికి దేశమంతటా 2,000 శాఖలు ఏర్పడ్డాయి. నర్సరీ బడుల్లో, చర్చి హాళ్ళలో తల్లులు పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని పుస్తకం చదివి వినిపించేవారు. బ్యాడ్జీలు పంచేవారు.

టఫ్టీ పుట్టిన ఏడాదే మరో మార్పు కూడా వచ్చింది. బడి దగ్గర బండ్లను ఆపి పిల్లలను దాటించే మనుషులకు అధికారం ఇస్తూ 1953లో చట్టం చేశారు. అది 1954 జూలైలో అమల్లోకి వచ్చింది. పొడవాటి కర్రకు గుండ్రటి పలక తగిలించుకుని నిలబడే వీళ్ళను పిల్లలు 'లాలీపాప్ లేడీ' అని పిలిచేవారు. ఆమె పలక ఎత్తితే డ్రైవరు ఆపి తీరాలి. పిల్లలు ఏమీ కంఠతా పట్టనక్కరలేదు. ఎవరి మీద బాధ్యత పెట్టాలన్న విషయంలో ఆ చట్టం టఫ్టీ కంటే ముందుంది.

ఆకుపచ్చ దుస్తుల మనిషి

1970 నాటికి కవాతు పాఠం పాతబడింది. ప్రభుత్వ రోడ్డు పరిశోధనశాల పిల్లలను గమనించి, వాళ్ళ మాటలు విని కొత్త నియమాల వరసను తయారుచేసింది. దానికి 'గ్రీన్ క్రాస్ కోడ్' అని పేరు పెట్టారు. ఇందులో మొట్టమొదటి మెట్టు, దాటడానికి సురక్షితమైన చోటు వెదుక్కోవడం. ఆగడం, చూడడం, వినడం ఆ తర్వాతే. దాటుతున్నప్పుడు కూడా చూస్తూ, వింటూ ఉండాలి.

1975 నుంచి ఈ నియమాలకు ఓ మొహం దొరికింది. బ్రిస్టల్‌కు చెందిన వెయిట్‌లిఫ్టర్ డేవ్ ప్రౌజ్ ఆరున్నర అడుగుల మనిషి. తెలుపు, ఆకుపచ్చ దుస్తులు వేసుకుని, పిల్లవాడు తప్పుగా దాటబోతుండగా ఉన్నట్టుండి ప్రత్యక్షమై ఆపేవాడు. మొదట్లో వచ్చిన ప్రకటనల్లో ఆయన యాసను కాదని వేరొకరి గొంతు పెట్టారు. రెండేళ్ళ తర్వాత 'స్టార్ వార్స్' సినిమాలో డార్త్ వేడర్ నల్ల కవచం తొడుక్కున్నదీ ఆయనే. అక్కడా గొంతు వేరొకరిదే. ప్రపంచం ఆయనను విలన్‌గా గుర్తుపెట్టుకుంది. 2000లో బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన ఎం.బి.ఇ. గౌరవం మాత్రం రోడ్డు భద్రత కోసం బడిబడికీ తిరిగినందుకు.

పిల్లి మాట, మృత్యువు గొంతు

ప్రమాదం రోడ్డు మీదే ఉండదు. వంటింట్లో కాగుతున్న నీళ్ళు, చేతికందే అగ్గిపెట్టె, బల్ల మీద వేలాడే గుడ్డ, రమ్మని పిలిచే తెలియని మనిషి. 1973లో బ్రిటన్ ప్రభుత్వ సమాచార కార్యాలయం వీటి మీద కార్టూన్లు తీయించింది. చార్లీ అనే పిల్లికి మాటలు రావు, వింతగా మ్యావుమంటుంది. దాని భాష తెలిసిన పిల్లవాడు మనకు అర్థం చెబుతాడు. పిల్లికి గొంతు ఇచ్చింది కమెడియన్ కెన్నీ ఎవరెట్. నిమిషంలోపే ముగిసే ఈ కార్టూన్లు పిల్లల మనసులకు ఎంతగా హత్తుకున్నాయంటే, 1991లో ప్రాడిజీ బృందం ఆ గొంతును ఓ డ్యాన్స్ పాటలో వాడుకుంది.

1973లోనే పూర్తిగా వేరే తీరులో ఇంకో చిత్రం వచ్చింది. నిలవ నీటి గుంటల దగ్గర నల్లటి ముసుగు వేసుకున్న ఆకారం. మొహం కనిపించదు. ఆదమరిచిన పిల్లల కోసం ఎదురుచూస్తుంటానని చల్లగా చెబుతుంది. గొంతు డొనాల్డ్ ప్లెజెన్స్‌ది. బావిలోకి తొంగిచూస్తే బూచాడు లాక్కుపోతాడని బెదిరించే అలవాటు తెలుగు ఇళ్ళకూ తెలిసినదే. బ్రిటన్‌లో ఆ పనిని ప్రభుత్వమే, మంచి కెమెరామన్‌ను పెట్టుకుని చేసింది.

భయం మోతాదు అక్కడితో ఆగలేదు. 1977లో పొలాల్లో ట్రాక్టర్లు, విషపు మందులు, పేడ గుంటల మధ్య ఆడుకుంటూ పిల్లలు ఒక్కొక్కరే చనిపోయే 'అపాచీస్' వచ్చింది. రైలు పట్టాల మీద ఆడవద్దని చెప్పడానికి అదే ఏడాది 'ది ఫినిషింగ్ లైన్' తీశారు. బడి ఆటల పోటీలు పట్టాల మీద జరుగుతున్నట్టు ఊహించిన కథ అది. పోటీల్లో పాల్గొన్న పిల్లలు రక్తమోడుతూ పడిపోతారు. టీవీలో చూపించాక పెద్ద వివాదమైంది. 1979లో దాన్ని వెనక్కి తీసుకుని, దాని స్థానంలో కొంత మెత్తటి చిత్రాన్ని పెట్టారు. ఆ చిత్రాలు చూసిన పిల్లలు భయపడ్డారనడంలో సందేహం లేదు. భయపడ్డ పిల్లలు జాగ్రత్తపడతారా అన్నది వేరే సంగతి.

ఐదేళ్ళవాడికి కనిపించే వీధి

ఈ సందడికి దూరంగా స్వీడన్‌లో స్టీనా సాండెల్స్ అనే మనస్తత్వవేత్త 1960ల నుంచీ పిల్లలను పరీక్షిస్తూ వచ్చింది. ఆమె పుస్తకం 'ట్రాఫిక్‌లో పిల్లలు' 1968లో స్వీడిష్‌లో, 1975లో ఇంగ్లీషులో వచ్చింది. చిన్నపిల్లలకు కంటి కొసల్లో కదిలేది పెద్దవాళ్ళంత బాగా అందదు. హారన్ ఎటువైపు నుంచి వచ్చిందో పోల్చుకోలేరు. ఆగి ఉన్న కారు కంటే పొట్టిగా ఉంటారు కాబట్టి వాళ్ళకు రోడ్డు కనపడదు, డ్రైవరుకు వాళ్ళు కనపడరు. ట్రాఫిక్ మాటలనూ సంకేతాలనూ పెద్దల ఉద్దేశానికి పూర్తిగా వేరే అర్థంలో తీసుకుంటారు. ఆటలో పడ్డారంటే నేర్చుకున్నదంతా మరిచిపోతారు. ఇవన్నీ చూపించి ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. చిన్నపిల్లలను ట్రాఫిక్‌కు తగినట్టు పూర్తిగా మలచడం కుదిరే పని కాదు, ట్రాఫిక్‌నే పిల్లలకు తగినట్టు మలచాలి.

స్కాట్లాండ్‌లోని స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయంలో క్వామె అంపోఫో-బోటెంగ్, జేమ్స్ థామ్సన్ 1991లో ప్రచురించిన పరిశోధన దీన్ని మరింత దగ్గరగా చూపించింది. ఐదేళ్ళ పిల్లలను వీధిలో నిలబెట్టి, ఇక్కడ దాటడం క్షేమమేనా అని అడిగారు. పిల్లలు ఒక్కటే చూశారు: కారు కనిపిస్తోందా లేదా. కనిపిస్తే ప్రమాదం, లేకపోతే క్షేమం. మలుపు పక్కన నిలబడ్డా, ఎత్తు దాటాక ఏముందో కనపడని చోట నిలబడ్డా జవాబు అదే. దాటడానికి వాళ్ళు ఎంచుకున్న దారి ఎప్పుడూ దగ్గరి దారే. కనపడకపోవడం వేరు, లేకపోవడం వేరు అన్నది ఆ వయసుకు ఇంకా అందని సంగతి.

పుస్తకంలో పాసై, వీధిలో ఫెయిలై

టఫ్టీ క్లబ్బు ప్రభావాన్ని 1980లలో మనస్తత్వ పరిశోధకులు కొలిచి చూశారు. సభ్యులైన పిల్లలకూ కానివాళ్ళకూ రోడ్డు భద్రత తెలివిడిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇక గట్టి దెబ్బ 2001లో తగిలింది. డండీ విశ్వవిద్యాలయానికి చెందిన సుజాన్ జీడిక్ బృందం చిన్నపిల్లలకు బోర్డు ఆటలతో, ఊరి నమూనా బొమ్మలతో, పోస్టర్లతో రోడ్డు నియమాలు నేర్పింది. పిల్లలు చక్కగా నేర్చుకున్నారు. ఆరు నెలల తర్వాత అడిగినా మరిచిపోలేదు. కానీ ఆ పిల్లలనే నిజమైన వీధిలో గమనిస్తే, పాఠం విన్నవాళ్ళ నడతకూ విననివాళ్ళ నడతకూ తేడా లేదు. తెలివి పెరిగినంత మాత్రాన నడత మారదని ఆ పరిశోధన వ్యాసం శీర్షికలోనే రాసేశారు. చిలకపలుకులు ఎంత స్పష్టంగా ఉన్నా అవి చిలకపలుకులే.

అంటే పిల్లలకు నేర్పడం దండగ అని కాదు. నేర్పే చోటు మారాలని. 1984లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో డేవిడ్ లీ ఓ చిన్న ఉపాయం చేశాడు. నిజమైన రోడ్డు పక్కనే, కాలిబాట మీద దానికి సమాంతరంగా ఉత్తుత్తి రోడ్డు ఒకటి ఏర్పాటు చేశాడు. పిల్లవాడు నిజమైన బండ్లను చూస్తూ, వాటి మధ్య సందు దొరికిందనుకున్నప్పుడు ఉత్తుత్తి రోడ్డును దాటాలి. తొందరపడితే దెబ్బేమీ తగలదు, తప్పు మాత్రం తెలిసిపోతుంది. ఐదేళ్ళ పిల్లలు కూడా త్వరగా మెరుగయ్యారు.

థామ్సన్ బృందం 1990లలో గ్లాస్గోలోని డ్రమ్‌చాపెల్ పేటలో ఇదే సూత్రాన్ని బడి స్థాయికి తీసుకెళ్ళింది. అది పేద కుటుంబాలు ఎక్కువగా ఉండే చోటు. ఆ పేట తల్లిదండ్రులకే శిక్షణ ఇచ్చి, ఇద్దరు ముగ్గురేసి పిల్లలను చుట్టుపక్కల వీధుల్లోకి తీసుకెళ్ళమన్నారు. మూడే విషయాలు: ఎక్కడ దాటాలో వెదకడం, ఆగి ఉన్న కార్ల మధ్య నుంచి దాటాల్సివస్తే ఎలా దాటాలి, కూడళ్ళ దగ్గర ఏయే వైపులు చూడాలి. పెద్దవాళ్ళు జవాబు చెప్పరు. ఇక్కడి నుంచి నీకు ఏం కనిపిస్తోంది, ఏం కనిపించడం లేదు అని అడుగుతారు. పిల్లవాడే ఆలోచించి చెప్పాలి. కొన్ని వారాల సాధనతో ఐదేళ్ళ పిల్లలు తమకంటే పెద్దవాళ్ళలా చోటు ఎంచుకోవడం మొదలుపెట్టారు. తర్వాత బ్రిటన్‌లో అనేక పట్టణాలకు విస్తరించిన 'కెర్బ్‌క్రాఫ్ట్' కార్యక్రమం దీని నుంచే వచ్చింది.

మందు సీసా మీద మొహం

ఇంట్లో ప్రమాదాల సంగతీ ఇలాగే నడిచింది. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పిల్లల ఆసుపత్రి 1971లో విషపదార్థాల సీసాలకు అంటించే 'మిస్టర్ యక్' స్టిక్కరు తెచ్చింది. నాలుక బయటపెట్టి మొహం చిట్లించుకున్న ఆకుపచ్చ బొమ్మ అది. పుర్రె, ఎముకల గుర్తు చూస్తే పిల్లలకు సముద్రపు దొంగలు గుర్తొస్తున్నారని, పైగా పైరేట్స్ ఆ ఊరి బేస్‌బాల్ జట్టు పేరు కూడానని ఈ కొత్త గుర్తును ఎంచుకున్నారు. ఆలోచన బాగుంది. 1984లో వచ్చిన ఒక అధ్యయనం మాత్రం, నడక నేర్చిన పసివాళ్ళు ఆ బొమ్మను చూసి వెనక్కి తగ్గడం లేదని తేల్చింది. రంగురంగుల బొమ్మ ఉంటే పట్టుకుని చూడాలనిపించడం ఆ వయసు సహజం.

ఇంకోపక్క 1970లో అమెరికా చేసిన చట్టం పిల్లలు తీయలేని మూతలను తప్పనిసరి చేసింది. నొక్కి తిప్పితే గాని ఊడని మూత అది. ఆస్పిరిన్ మింగి చనిపోయే పిల్లల సంఖ్య దాని తర్వాత బాగా పడిపోయింది. ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో కిరోసిన్, పురుగుమందు పోసి మూలన పెట్టే ఇళ్ళు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఆ సీసా తాగకూడదని రెండేళ్ళవాడికి నేర్పడం కంటే దాన్ని అటక మీద పెట్టడం సులువు.

ఎవరు మారారు?

1990లో మేయర్ హిల్మన్, జాన్ ఆడమ్స్, జాన్ వైట్‌లెగ్ కలిసి బ్రిటన్ పిల్లల మీద ఒక నివేదిక రాశారు. 1971లో ఏడెనిమిదేళ్ళ పిల్లల్లో 80 శాతం మంది పెద్దల తోడు లేకుండా బడికి వెళ్ళేవారు. 1990కి వాళ్ళు 9 శాతానికి తగ్గారు. పిల్లల మరణాలు తగ్గాయంటే వీధులు మంచివయ్యాయని అర్థం కాదు, పిల్లలను వీధుల నుంచి తప్పించారని అర్థం అన్నది వాళ్ళ వాదన. నేర్పు పెరిగిందని ప్రభుత్వం చెప్పుకుంటున్న చోట వాళ్ళకు కనిపించింది తల్లిదండ్రుల భయం.

ఈలోగా నెదర్లాండ్స్ వేరే దారి పట్టింది. 1971లో అక్కడ రోడ్డు ప్రమాదాల్లో 400 మందికి పైగా పిల్లలు చనిపోయారు. కూతురిని పోగొట్టుకున్న ఒక పాత్రికేయుడు రాసిన వ్యాసంతో 1972లో 'పిల్లల హత్యలు ఆపండి' అన్న ఉద్యమం లేచింది. తల్లులు, పిల్లలు రోడ్ల మీద బైఠాయించారు. ఇళ్ళ మధ్య వీధుల్లో మనుషులకే పెద్దపీట వేసి, కార్లు నడక వేగంతో మాత్రమే వెళ్ళేలా చేసే చట్టం 1976లో వచ్చింది.

బ్రిటన్ 1991లో షెఫీల్డ్, నార్విచ్, కింగ్‌స్టన్‌లలో గంటకు 20 మైళ్ళ, అంటే సుమారు 32 కిలోమీటర్ల, వేగ పరిమితి మండలాలు మొదలుపెట్టింది. బోర్డులు పెట్టి ఊరుకోలేదు. స్పీడ్‌బ్రేకర్లు వేసి, రోడ్డును సన్నబరిచి, బండి తనంతట తానే నెమ్మదించేలా చేసింది. 1996లో ఇలాంటి 250 మండలాలను పరిశీలిస్తే సగటు వేగం గంటకు 9 మైళ్ళు తగ్గింది. మొత్తం ప్రమాదాలు 60 శాతం, పిల్లలకు జరిగే ప్రమాదాలు 67 శాతం తగ్గాయి. నియమాల పుస్తకాలేవీ ఇంత మార్పు చూపించలేదు. 1931లో 23 లక్షల వాహనాలతో ఏటా 7,000 మందిని పోగొట్టుకున్న బ్రిటన్‌లో ఇప్పుడు వాహనాలు 4 కోట్లకు పైనే. 2023లో రోడ్డు మరణాలు 1,624.

మాసాయిపేట గేటు

ఇక మన సంగతి. 2014 జూలై 24 ఉదయం మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే క్రాసింగ్‌లో నాందేడ్-సికింద్రాబాద్ ప్యాసింజర్ ఓ బడి బస్సును ఢీకొంది. పదిమందికి పైగా చిన్నారులు చనిపోయారు. వాళ్ళలో ఎవరికైనా రోడ్డు నియమాలు నూటికి నూరు పాళ్ళూ వచ్చి ఉన్నా ఒరిగేదేమీ లేదు. బస్సు నడిపింది వాళ్ళు కాదు. గేటు పెట్టకుండా ఉంచిందీ వాళ్ళు కాదు. బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని క్రాసింగ్‌లన్నిటినీ భారతీయ రైల్వే 2019 జనవరికల్లా తొలగించింది. కొన్నిచోట్ల గేటు, కాపలాదారు వచ్చారు, కొన్నిచోట్ల కింది నుంచి దారి వేశారు, కొన్నిటిని మూసేశారు. అలాంటి ప్రమాదానికి ఆస్కారాన్ని తగ్గించింది ఆ పని.

చట్టాలకు కొదవ లేదు. ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1997లోనే దేశ రాజధానిలో బడి బస్సులకు గంటకు 40 కిలోమీటర్ల వేగ నియంత్రకాలు ఉండాలంది. 2022 ఫిబ్రవరిలో కేంద్రం నోటిఫై చేసిన నియమం ప్రకారం, తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలను ద్విచక్రవాహనం మీద తీసుకెళ్ళాలంటే పిల్లకు హెల్మెట్, నడిపేవారికి కట్టే బెల్టు ఉండాలి, వేగం 40 దాటకూడదు. ఏ పట్టణంలోనైనా బడి వదిలే వేళ గేటు ముందు నిలబడితే ఆ నియమం ఎంతవరకు అమలవుతోందో తెలిసిపోతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు.

బ్రిటన్ వందేళ్ళలో డబ్బు, కాలం ఖర్చుపెట్టి తెలుసుకున్నది మన బడులకు ఉచితంగా దొరుకుతోంది. ఏటా జనవరిలో జరిపే రోడ్డు భద్రతా మాసోత్సవాల్లో వ్యాసరచన పోటీ పెట్టినా మంచిదే. కానీ జూన్‌లో బడులు తెరిచిన మొదటి వారంలోనే హెడ్మాస్టర్లు ఒకటో తరగతి పిల్లల తల్లిదండ్రులను పిలిచి, ఓ గంటసేపు గేటు బయట నడిపించాలి. ఎక్కడ దాటాలో, ఏ మలుపు దగ్గర బండి కనపడదో పిల్లల చేతే చెప్పించాలి. గేటు ముందు బండ్లు నెమ్మదించకపోతే స్పీడ్‌బ్రేకర్ కోసం పంచాయతీకో, మున్సిపాలిటీకో, ఆర్ అండ్ బీ వారికో అదే రోజు అర్జీ రాసి అందరూ సంతకాలు పెట్టాలి. పని పూర్తయ్యేదాకా అడుగుతూనే ఉండాలి.